అక్షరాలు రాని ఎనిమిది రోజులు: బీజింగ్ నుంచి షియాన్ దాకా

నవంబరు 3, బీజింగ్

ముప్పై ఒక్క ఏళ్ళు ప్రాథమిక పాఠశాలలో పిల్లల చేత అక్షరాలు దిద్దించాను. చెయ్యి పట్టి ‘అ’ తిప్పించిన పిల్లవాడు కొన్ని నెలలకు బస్సు మీది ఊరి పేరు తనంతట తానే కూడబలుక్కుని చదువుతాడు. ఆ క్షణాన వాడి ముఖం చూడటం కోసమే అన్నేళ్ళు పనిచేశానేమో అనిపిస్తుంది. బీజింగ్‌లో మెట్రో దిగి మెట్లెక్కి వీధిలోకి వచ్చిన సాయంత్రం నాకు ఆ పిల్లలే గుర్తుకొచ్చారు. మెట్రో స్టేషన్లలో ఇంగ్లిషు అక్షరాలున్నాయి కనుక ఇబ్బంది పడలేదు. పైకి వచ్చాక దుకాణాల పేర్లు, తలుపుల మీది ప్రకటనలు, గోడ మీది వంటకాల పట్టిక, అన్నీ చైనా లిపిలోనే ఉన్నాయి. అక్షరం రాని మనిషిగా ఒక ఊళ్ళో నిలబడటం నా జీవితంలో అదే మొదటిసారి.

మేము దిగిన గది గులౌ అనే పాత నగారా బురుజుకు దగ్గరి హుతోంగ్‌లో ఉంది. హుతోంగ్ అంటే పాత బీజింగ్ సందు. బూడిదరంగు ఇటుక గోడలు, ఒక్క అంతస్తు ఇళ్ళు, ఎర్ర తలుపులు, లోపల నాలుగైదు కుటుంబాలకు కలిపి ఒక ముంగిలి. చలికాలానికి నిల్వ చేసుకునే పొడుగాటి క్యాబేజీలను కిటికీల కింద వరుసగా పేర్చి పెట్టారు. మా ఇళ్ళలో ఎండాకాలం ఊరగాయకు ముందు కనిపించే హడావుడి అక్కడ నవంబరులో కనిపించింది.

సందు మలుపులో ఒక నూడుల్స్ కొట్టు. లోపల ఆరు బల్లలు. మావారు అన్నీ తింటారు. నేను శాకాహారిని. ఫోనులో అనువాదం చేయించి ‘మాంసం వద్దు’ అని చూపించాను. కొట్టు నడిపే ఆమె తల ఊపింది. వచ్చిన గిన్నెలో నూడుల్స్ మీద నల్లటి సోయా ముద్ద, అందులో సన్నగా తరిగిన పంది మాంసం. అక్కడ మాంసం వద్దంటే ముక్కలు వద్దని అర్థం చేసుకునేవాళ్ళు చాలామంది. రుచికి వేసే కీమా, మాంసపు రసం వాళ్ళ లెక్కలోకి రావు. నా ముఖం చూసి ఆమెకు అర్థమైంది. మారుమాట లేకుండా గిన్నె తీసుకుపోయి, నువ్వుల ముద్ద, దోసకాయ తురుము వేసి మరొకటి చేసి తెచ్చింది. ఎక్కువ డబ్బు తీసుకోలేదు. గిన్నె 22 యువాన్లు. యువాన్ మన పన్నెండు రూపాయలకు కొంచెం అటూ ఇటూ.

తరువాత ఆమె చేసిన పని నా ప్రయాణాన్నే మార్చింది. బిల్లు కాగితం వెనక ఒక అక్షరం గీసి, పట్టికలో అదే అక్షరం ఎక్కడెక్కడ ఉందో వేలితో చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. తలుపు చట్రంలాంటి గీత, లోపల ఒకదాని కింద ఒకటి గొడుగుల్లా రెండు గుర్తులు. ‘రౌ’. మాంసం. ఇది కనిపిస్తే వద్దను అని నాకు చెప్పింది. ఆ రాత్రి సంచిలోని నోటుబుక్కు తీసి మొదటి పేజీలో ఆ అక్షరాన్ని ఇరవైసార్లు దిద్దాను.

నవంబరు 4, స్వర్గాలయం

పొద్దున్నే చలి. సందులో వేడి సోయా పాలు, నూనెలో వేయించిన పొడుగాటి పిండి కడ్డీలు ‘యౌతియావ్’. ఇద్దరికీ కలిపి 14 యువాన్లు. అందరూ ఫోనుతోనే చెల్లిస్తున్నారు, చిలగడదుంపలు కాల్చి అమ్మే తాత దగ్గర కూడా క్యూఆర్ కోడ్ వేలాడుతోంది. బయలుదేరే ముందే చెల్లింపు యాప్‌లో మన కార్డు చేర్చుకోవడం మేలైంది. మన వాట్సాప్, గూగుల్ అక్కడి నెట్‌వర్కులో నడవవు. మన రోమింగ్ సిమ్‌తో వచ్చాయి. ఇంకో సంగతి, మంచినీళ్ళు అడిగితే వేడినీళ్ళే ఇస్తారు. మొదట గ్లాసు ముట్టుకుని ఉలిక్కిపడ్డాను. రెండో రోజుకు ఆ చలిలో అది అమృతమైంది. స్టేషన్లలో, రైళ్ళలో వేడినీళ్ళ కుళాయిలు ఉంటాయి. ఫ్లాస్కు లేని మనిషి అక్కడ అరుదు.

స్వర్గాలయంలో ప్రధాన మందిరం గుండ్రంగా, మూడంచెల నీలి కప్పుతో ఉంటుంది. ఇక్కడ 1420లో మొదటి మందిరం కట్టారు. ఇప్పటి ఈ గుండ్రటి రూపం ఆ తరువాత వచ్చింది, అది 1889లో పిడుగు పడి కాలిపోతే మళ్ళీ అలాగే నిలబెట్టారు. లోపల 28 కొయ్య స్తంభాలు. నడుమ నాలుగు ఋతువులకు, వాటి చుట్టూ పన్నెండు నెలలకు, ఆపైన పన్నెండు రోజులోని కాల విభాగాలకు. పంట బాగా పండాలని చక్రవర్తి వచ్చి ఇక్కడ ప్రార్థించేవాడు. వ్యవసాయ శాఖలో పనిచేసే మావారికి ఆ మాట చాలా నచ్చింది, ఆ మందిరం చుట్టూ రెండుసార్లు తిరిగారు.

నన్ను ఆపింది మాత్రం తోటలోని మనుషులు. వందల ఏళ్ళ సైప్రస్ చెట్ల కింద పెద్దవాళ్ళు జట్లు జట్లుగా చేరి పేకాడుతున్నారు, పాడుతున్నారు, జంటలుగా నాట్యం చేస్తున్నారు. కాలితో ఈకల బంతిని ఎగరేస్తున్న ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి. కొంచెం పక్కన ఒక పెద్దాయన చీపురు కర్రంత పొడుగు కుంచెను బక్కెట్టులో ముంచి, నేల మీది రాతి పలకల మీద అక్షరాలు రాస్తున్నాడు. సిరా లేదు, ఒట్టి నీళ్ళు. పలకకు ఒక అక్షరం. చివరి అక్షరం రాసేసరికి మొదటిది ఆరిపోతోంది.

పలక మీద రాసి చెరిపేయడం నాకు తెలిసిన పనే. అలా చెరిగిపోయే అక్షరాన్ని అంత శ్రద్ధగా రాసే పెద్ద మనిషిని మాత్రం ఎన్నడూ చూడలేదు. ముప్పావు గంట నిలబడ్డాను. ఆయన గమనించి కుంచె నా చేతికిచ్చాడు, రెండు చేతులతో. అక్కడ మర్యాదగా ఇచ్చేటప్పుడు రెండు చేతులతో అందిస్తారు, నేనూ అలాగే తీసుకున్నాను. ఆయన నా వెనక నిలబడి, నా మణికట్టు పట్టుకుని, నిలువుగా మూడు గీతలు గీయించాడు. నడిమిది పొడుగు, కింద వాటిని కలుపుతూ అడ్డగీత. ‘షాన్’, కొండ. నా చెయ్యి పట్టి ఎవరైనా అక్షరం రాయించి అర్ధ శతాబ్దం అయింది. కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. ఆ తరువాత నేను పక్క పలక మీద ‘అ’ రాశాను. ఆయన దాని చుట్టూ తిరిగి చూసి, గాలిలో వేలితో ఆ వంపును రెండుసార్లు దిద్దుకున్నాడు.

నవంబరు 5, రాజప్రాసాదం

మా తప్పు ముందు చెబుతాను, ఇతరులకు పనికొస్తుంది. రాజప్రాసాదానికి లోపలికి దారి దక్షిణ ద్వారం నుంచే. ఉత్తర ద్వారం బయటికి రావడానికి మాత్రమే. మేము ఉత్తరాన బస్సు దిగి, కందకం పక్కనే నడిచి నడిచి దక్షిణానికి చేరేసరికి దాదాపు గంట పట్టింది. తనిఖీల దగ్గర పాస్‌పోర్టు చూపాలి, టిక్కెట్టు ముందే పాస్‌పోర్టు నంబరుతో తీసుకోవాలి. చలికాలం కాబట్టి మనిషికి 40 యువాన్లు.

1406లో మొదలుపెట్టి 1420కి కట్టారు. 24 మంది చక్రవర్తులు ఇక్కడ ఉన్నారు. ముంగిలి దాటితే మరో ముంగిలి, దాన్ని దాటితే ఇంకొకటి, నేలంతా రాయి, చెట్టు లేదు, గాలి సూటిగా ముఖానికి కొడుతుంది. నేను మాత్రం బోర్డులే చూస్తూ నడిచాను. ముందు భాగంలోని పెద్ద మందిరాల పేర్లు చైనా లిపిలో మాత్రమే ఉన్నాయి. లోపలి భాగానికి వెళ్ళేసరికి పక్కన మరో లిపి, పై నుంచి కిందికి జారే వానధారలాగా. అది మంచూ లిపి, పాలించిన చింగ్ వంశీయుల భాష. వాళ్ళ పాలన పోయాక ముందు భాగం బోర్డుల నుంచి దాన్ని తీసేశారు, లోపలివి అలాగే మిగిలాయి. ఒక లిపి దాదాపు బోర్డులకే మిగిలిపోవడం నన్ను ఆ రోజంతా వెంటాడింది. ఇప్పుడు ఆ భాష మాతృభాషగా ఉన్నవాళ్ళు చాలా తక్కువ.

ఉత్తర ద్వారం ఎదుట జింగ్‌షాన్ కొండ. పేరులోని ‘షాన్’ను గేటు మీద గుర్తుపట్టాను. నిన్నటి కొండ అక్షరమే! మావారి చెయ్యి పట్టుకుని లాగి చూపించాను. పైనుంచి చూస్తే ప్రాసాదం పసుపు కప్పులు పండిన వరిచేనులా పరుచుకుని ఉన్నాయి.

నవంబరు 6, మూథియన్‌యూ

చైనా మహాకుడ్యం గురించి రాయనివారు లేరు కనుక క్లుప్తంగా రాస్తాను. మేము చూసిన మూథియన్‌యూ భాగం బీజింగ్‌కు 70 కిలోమీటర్లు. మెట్లు ఒకే ఎత్తులో లేవు, ఒకటి జానెడు, తరువాతిది మోకాలి ఎత్తు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు కేబుల్ కారులో ఎక్కండి, మొహమాటపడవద్దు. కొండల మీద ఎర్రబారిన ఆకులు, వాటి మీదుగా గోడ, కనుచూపు ఆగే దాకా గోడే. ఈ ప్రాంతం చెస్ట్‌నట్ కాయలకు పేరుపొందింది. కింద ఇనుప మూకుడులో చక్కెరతో, నల్ల ఇసుకలో వేయించి కాగితం పొట్లంలో ఇచ్చారు. పనస గింజ ఉడికించినట్టుంది రుచి, ఇంకొంచెం తీపి.

నవంబరు 7, రైల్లో

బీజింగ్ నుంచి షియాన్‌కు దాదాపు 1,200 కిలోమీటర్లు, నాలుగున్నర గంటల్లో చేరాం. రెండో తరగతి టిక్కెట్టు 500 యువాన్ల పైచిలుకు. పెట్టె చివర వేడినీళ్ళ కుళాయి దగ్గర అందరూ డబ్బా నూడుల్స్ పట్టుకుని నిలబడ్డారు. కిటికీలోంచి కోసిన మొక్కజొన్న చేలు, ఇళ్ళ ముందు ఆరబోసిన పసుపు కంకులు.

మా వరుసలో ఒక అమ్మమ్మ, ఏడేళ్ళ మనవరాలు. అమ్మమ్మ పంపరపనస ఒలిచి, తొనల మీది తెల్ల పొర కూడా తీసి, ముందు మాకు ఇచ్చింది, ఆ తరువాతే మనవరాలికి. ‘ఇందూ?’ అని అడిగింది. భారతదేశమా అని. అవునన్నాను. అక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా వయసు అడుగుతారు, పిల్లలెందరని అడుగుతారు. మన పల్లెటూరి రైలు ప్రయాణంలా ఉంది. ఫోనులో అనువాదం చేసుకుంటూ మావారు, ఆమె మోకాళ్ళ నొప్పుల దగ్గర చాలాసేపు ఆగారు.

మనవరాలు హోంవర్కు చేస్తోంది. నోటుబుక్కులో ప్రతి గడినీ చుక్కల గీతలతో నాలుగు భాగాలు చేసి ఉంచారు, ఏ గీత ఏ మూలలో పడాలో తెలియడానికి. మన నాలుగు గీతల కాపీ పుస్తకం గుర్తొచ్చింది. నేను నా నోటుబుక్కు తెరిచి నేర్చుకున్నవి చూపించాను: మాంసం, కొండ, స్టేషన్లలో చూసి నేర్చుకున్న ‘బయటికి దారి’ (రెండు కొండలు ఒకదాని మీద ఒకటి ఉన్నట్టుండే అక్షరం, పక్కన నోరు అనే చతురస్రం), మరుగుదొడ్డి తలుపు మీది ‘స్త్రీ’. ఆ పిల్ల పెన్సిలు తీసుకుని ‘స్త్రీ’ అక్షరం మీద ఇంటికప్పు గీసింది. ‘ఆన్!’ అంది. ఇంటికప్పు కింద స్త్రీ ఉంటే శాంతి అని అర్థమట. దానికి ముందు ‘షీ’, పశ్చిమం. అడ్డగీత, కింద పెట్టె, పెట్టెలోకి దిగిన రెండు కాళ్ళు. రెండూ కలిస్తే షియాన్. మేము దిగబోయే ఊరు. బోర్డు రాగానే ఆ పిల్ల నా వైపు చూసింది. పైకి చదివాను. చప్పట్లు కొట్టింది.

నవంబరు 8, లిన్‌తోంగ్

చైనా తొలి చక్రవర్తి సమాధికి కాపలాగా పాతిపెట్టిన మట్టి సైనికుల బొమ్మలను, మట్టి సైన్యాన్ని, చూడటానికి బయలుదేరాం. స్టేషన్ బయట ఒక కారు డ్రైవరు తక్కువ ధర చెప్పి ఎక్కించుకుని, ముందు నమూనా బొమ్మలు అమ్మే పెద్ద దుకాణంలో దించాడు. గంటన్నర పోయింది, కొనమని ఒత్తిడి వేరే. మెట్రో, ఆపైన సిటీ బస్సు, అంతే చాలు. తిరుగు ప్రయాణంలో అలాగే వచ్చాం, ఇద్దరికీ 20 యువాన్లు కూడా కాలేదు.

1974 మార్చిలో బావి తవ్వుతున్న రైతులకు మొదటి ముక్కలు దొరికాయి. మొదటి గుంట పొడవు 230 మీటర్లు. లోపలికి అడుగుపెట్టగానే జనం గోల, ఫోనులెత్తిన చేతులు. ఓపిక పట్టి కటకటాల పక్కన స్థలం దొరికాక చూశాను. ఏ ముఖమూ మరో ముఖంలా లేదు. కొన్ని బొమ్మల మీద చేసిన కుమ్మరి పేరు చెక్కి ఉంది. తప్పు జరిగితే ఎవరిదో తెలియడానికి ఆ పద్ధతి పెట్టారు. చక్రవర్తి శిక్ష కోసం రాయించిన ఆ అక్షరాల వల్లే ఆ పనివాళ్ళ పేర్లు రెండు వేల రెండు వందల ఏళ్ళు దాటి మన దాకా వచ్చాయి.

బయట పెర్సిమన్ పండ్లు, దానిమ్మలు రాసులు పోసి అమ్ముతున్నారు. ఈ ఊరి పెర్సిమన్ నిప్పు రంగులో ఉండి, తోలు తీస్తే తేనెలా జారుతుంది. మన తునికి చెట్టుకు ఇది దగ్గరి చుట్టమని మావారు చెప్పారు. ధర అడిగితే అమ్మే ఆమె బొటనవేలు, చూపుడువేలు చాపింది. రెండనుకుని రెండు యువాన్లు ఇచ్చాను. అది ఎనిమిది. అక్కడ పది దాకా ఒంటి చేత్తోనే లెక్క చూపుతారు. ఆరుకు బొటనవేలు, చిటికెనవేలు. ఏడుకు వేళ్ళ కొసలన్నీ ఒకచోట చేర్చాలి. ఆమె నా వేళ్ళు పట్టుకుని ఒక్కొక్కటీ మడిచి నేర్పి, అట్టముక్క మీద ధరలు రాసే అంకెలూ చూపించింది. పది అచ్చం మన కూడిక గుర్తు. ఏడు, ఆ కూడిక గుర్తు పాదం కుడివైపుకు వంచినట్టు.

నవంబరు 9, హుయి వీధి

షియాన్ నడిబొడ్డున నగారా బురుజు వెనక హుయి ముస్లింల వీధి. ‘హుయి’ అక్షరం చతురస్రంలో చతురస్రం. తిరిగి రావడమనే అర్థం కూడా ఉంది. ఇక్కడి పెద్ద మసీదు బయటి నుంచి చైనా గుడిలాగే ఉంటుంది. వంపు కప్పులు, రాతి తోరణాలు, వాటి మీద అరబ్బీ, చైనా లిపులు రెండూ.

ఇక్కడి పావ్‌మో తినే పద్ధతి నాకు బాగా నచ్చింది. ముందు ఖాళీ గిన్నె, రెండు గట్టి రొట్టెలు ఇస్తారు. వాటిని తినేవాళ్ళే శనగగింజంత ముక్కలుగా తుంచి గిన్నె నింపాలి. అరగంట పడుతుంది. ఆ అరగంటే కబుర్లు. తరువాత గిన్నె వంటింట్లోకి తీసుకుపోయి, పొట్టేలు మాంసం పులుసులో ఉడికించి తెస్తారు. మావారి రొట్టె నేనూ తుంచాను. మా ముక్కలు పెద్దవిగా ఉన్నాయని పక్క బల్ల పెద్దాయన తన గిన్నె చూపించి, ఇంత చిన్నవి కావాలని సైగ చేశాడు. మళ్ళీ తుంచాం. నాకు లియాంగ్‌పీ దొరికింది. చల్లటి పిండి పట్టీలు, మొలకలు, వెనిగర్, పైన ఎర్రటి మిరపనూనె. 12 యువాన్లు. గుంటూరు జిల్లా నాలుకకు వారం తరువాత ప్రాణం లేచి వచ్చింది.

నవంబరు 10, అడవి బాతు గోపురం

నేను ఈ ప్రయాణం పెట్టుకున్నదే ఈ రోజు కోసం. మా ఊరు అమరావతికి గంట దూరం. అక్కడి స్తూపం దగ్గరికి ఏటా పిల్లలను తీసుకెళ్ళి, షువాన్‌జాంగ్ అనే చైనా భిక్షువు ఇంత దూరం నడిచి వచ్చాడని చెప్పేదాన్ని. మన పుస్తకాల్లో హ్యూయెన్‌త్సాంగ్ అని రాస్తాం. ఆయన వేంగిని చూశాడు. ధాన్యకటకంలో, అంటే మా అమరావతి ప్రాంతంలో, కొన్ని నెలలు ఉండి అక్కడి భిక్షువుల దగ్గర చదువుకున్నాడు. అప్పటికే అక్కడి విహారాలు చాలావరకు పాడుబడి ఉన్నాయని రాసుకున్నాడు. 629లో బయలుదేరినవాడు 645లో 657 గ్రంథాలతో ఈ ఊరికి తిరిగి వచ్చాడు. వాటిని భద్రపరచడానికి 652లో ఈ గోపురం కట్టారు. మెట్లెక్కి ఏడో అంతస్తు కిటికీలోంచి పడమటికి చూశాను. ఎదురుగా పొడవాటి తిన్నని రోడ్డు, మంచు పొగ.

గోపురం దక్షిణ ద్వారానికి అటూ ఇటూ రెండు శాసనాలు. ఒకటి, ఆ గ్రంథాలకు షువాన్‌జాంగ్ చేసిన చైనా అనువాదాలకు తాయ్‌జోంగ్ చక్రవర్తి రాసిన ముందుమాట. లిఖించినవాడు చు సుయిలియాంగ్. ఈనాటికీ ఆ అక్షరాలను చూసి దస్తూరీ నేర్చుకుంటారు. దుకాణంలో ఆ శాసనం నకలు పుస్తకం దొరికింది. కొనుక్కుని, దానిమ్మ చెట్టు పక్కన రాతి అరుగు మీద కూర్చుని, నాకు తెలిసిన అక్షరాల కోసం వేలు పెట్టి వెతకడం మొదలుపెట్టాను. పై నుంచి కిందికి, కుడి నుంచి ఎడమకు. కొండ కనిపించింది. నోరు కనిపించింది. చాలాసేపటికి ఒక చోట పశ్చిమం, ఒక అక్షరం దాటాక పది, ఇంకొకటి దాటాక ఏడు.

పుస్తకం పట్టుకుని దుకాణంలోని అమ్మాయి దగ్గరికి వెళ్ళి ఆ వరుస చూపించాను. ఆమె చదివి, ఫోనులో టైపు చేసి నా వైపు తిప్పింది: ‘పశ్చిమ దేశాల్లో పదిహేడేళ్ళు తిరిగాడు.’ ఎక్కడి నుంచి వచ్చారని అడిగింది. ఆమె కలం తీసుకుని, బిల్లు కాగితం వెనక పెద్ద అక్షరాలతో ‘ధాన్యకటకం’ అని రాశాను. పలికి వినిపించమంది. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి, నెమ్మదిగా చదివాను. ఆమె నా వెంట పలికింది.